1950ల మనోళ్లు వరల్డ్ కప్‌కు పోనిది బూట్లు లేకనేనా? (ఇంక ఫుట్‌బాల్ ముచ్చట్లు)

పానగల్లు_పిలగాడు

మా అక్క బిడ్డ ఏడో తరగతి. మొన్న వాళ్ల బడిల ఆటల మీద క్విజ్ పెట్టిండ్రు. "1950 ఫుట్‌బాల్ వరల్డ్ కప్‌కు మన దేశం ఎందుకు పోలే?" అని ప్రశ్న. వాళ్ల కాయితంల ఉన్న జవాబు "బూట్లు లేక". మా పిల్ల లేచి "అది కాదు సార్, అప్పుడు మనోళ్లకు ఒలింపిక్సే ముఖ్యం, అందుకే పోలే" అన్నదట. తప్పని మార్కు కొట్టేసిండ్రు. ఒక్క మార్కుతోని ఫస్టు పోయింది. రెండు రోజుల సంది సక్కగ బువ్వ తింటలేదు. ఆ ముచ్చట పిల్లకు చెప్పింది నేనే, అందుకే నా పానం కొట్టుకుంటున్నది. నేను చెప్పింది తప్పా, వాళ్ల కాయితం తప్పా? తెలిసినోళ్లు జర వివరంగ రాయుండ్రి. ప్రింటు తీసి బడికి పట్టుకపోత.

జడ్చర్ల_జంక్షన్

బూట్లే గదన్నా. ఉత్తకాళ్లతోని ఆడతమంటే ఫిఫా, అదే లోకం మొత్తం ఫుట్‌బాల్ నడిపే సంఘం, వద్దన్నది. చిన్నప్పటి సంది ఇదే వింటున్న. జనరల్ నాలెడ్జ్ పుస్తకాల గూడ ఇట్లనే ఉంటది.

వనపర్తి_వకీలు

పుస్తకంల ఉంటే సాక్ష్యం కాదు తమ్మీ. ఆ పుస్తకం రాసినాయన ఇంకో పుస్తకం చూసి రాసుంటడు.

దేవరకొండ_పీఈటీ

పిల్ల చెప్పిందే సరైన జవాబుకు దగ్గర. పూర్తిగ రాస్త, ప్రింటు తీస్కో తమ్మీ.

1950 వరల్డ్ కప్ బ్రెజిల్‌ల. అర్హత పోటీల మన గ్రూపుల బర్మా, ఇండోనేషియా, ఫిలిప్పీన్స్ ఉండె. ముగ్గురూ తప్పుకున్నరు. ఒక్క మ్యాచ్ ఆడకుండనే మనకు చాన్సొచ్చింది. వరల్డ్ కప్ గ్రూపులు తేల్చే డ్రాల మనల్ని ఇటలీ, స్వీడన్, పరాగ్వే ఉన్న గ్రూపుల ఏసిండ్రు. దారి ఖర్చు చాలా మటుకు తామే పెట్టుకుంటమని బ్రెజిలోళ్లు గూడ ముందుకొచ్చిండ్రు. అయినా మన ఫుట్‌బాల్ ఫెడరేషన్ పోలే. టీం ఎంపికల పంచాయితీ ఉన్నదని, ప్రాక్టీసుకు టైం చాలదని చెప్పింది. అసలు సంగతేందంటే ఆ రోజుల్ల మనకు ఒలింపిక్సే లోకం. వరల్డ్ కప్ అంటే ఏందో మన దేశంల తెలిసినోళ్లే తక్కువ. అప్పటి కెప్టెన్ శైలేన్ మన్నానే తర్వాత ఈ మాట చెప్పిండు. బూట్ల కథ ఒక సాకేనన్నడు.

మనోళ్లు ఉత్తకాళ్లతోని ఆడింది మాత్రం నిజం. 1948 లండన్ ఒలింపిక్స్‌ల ఎక్కువ మంది బూట్లు లేకుండనే ఫ్రాన్సు మీద దిగిండ్రు. రెండు పెనాల్టీలు పోగొట్టుకొని 2-1తోని ఓడిండ్రు. లేకుంటే ఆ మ్యాచ్ మనదే. ఇంకో సంగతి చూడుండ్రి. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌ల గూడ మనోళ్లు ఎక్కువ మంది ఉత్తకాళ్లతోనే ఆడిండ్రు. యుగోస్లావియా చేతుల 10-1. ఆ దెబ్బ తర్వాతనే మన ఫెడరేషన్ బూట్లు తప్పనిసరి చేసింది. 1950లనే బూట్ల కోసం ఇంటికాడ కూసుంటే, 52ల మల్ల ఉత్తకాళ్లతోని ఎట్ల దిగుతరు?

జడ్చర్ల_జంక్షన్

ఒలింపిక్స్ వేరు, వరల్డ్ కప్ వేరు గద సారు? ఒలింపిక్స్‌ల ఒప్పుకున్నది వరల్డ్ కప్‌ల ఒప్పుకోకపోవచ్చు.

దేవరకొండ_పీఈటీ

బూట్ల మాట అసలు లేనే లేదని నేను అంటలేను. కాని బూట్లు కొనలేకనా? ఓడ ఖర్చుకే అవతలోళ్లు ముందుకొస్తే పదకొండు జతల బూట్లు ఎవ్వరైన కొనిస్తరు. ఆడేటోళ్లు బూట్లు ఏసుకోను మొండికేసిండ్రని చెప్తే తప్పు ఆటగాళ్ల మీదికి పోతది. నిర్ణయం తీసుకున్నది మాత్రం ఆటగాళ్లు కాదు. నాకు కోపం అక్కడ.

వనపర్తి_వకీలు

1948 కెప్టెన్ తలిమెరెన్ ఆవో, నాగా కొండలాయన, డాక్టరు. బూట్లెందుకు ఏసుకోరని అడిగితే "మాది ఫుట్‌బాల్, మీది బూట్‌బాల్" అన్నడని చెప్పుకుంటరు. ఆ మాట విన్నోళ్లు రెండేండ్లకు వరల్డ్ కప్ కథకు దాన్ని అతికిచ్చినట్టున్నరు.

గద్వాల_అంచు

పాప ఒక్కతే లేచి నిలబడి సార్లతోని "అది కాదు" అన్నదా? ముందు ఆ పిల్లకు నా తరఫున ఏదైన తీపి పెట్టు తమ్ముడూ.

పానగల్లు_పిలగాడు

పెడ్త అక్కా. పీఈటీ సారూ, శానా శానా థాంక్స్. ఇది చదివి ఇనిపిస్తే ఇప్పుడే లేచి రెండు రొట్టెలు తిన్నది. "ఇసొంటియి ఇంకా ఉన్నయా మామా" అని అడుగుతున్నది. ఉన్నోళ్లు రాయుండ్రి.

నల్గొండ_గోలీ

అదే 1950ది చెప్త. నేను ఇంటర్, డిగ్రీ ఐదేండ్లు గోల్ కాడ నిలబడ్డోన్ని. అందుకే ఈ ముచ్చట నాకు కడుపుల నుంచి వస్తది.

ఆ ఏడాది ఫైనల్ అని ఒకటి పెట్టనే లేదు. నాలుగు జట్లు ఒకదాంతో ఒకటి ఆడాలె, పాయింట్లు ఎక్కువ వస్తే కప్పు. ఆఖరి మ్యాచ్ జులై 16న, రియోల మరకానా స్టేడియం, బ్రెజిల్-ఉరుగ్వే. బ్రెజిల్‌కు డ్రా అయినా కప్పే. జనం దగ్గర దగ్గర రెండు లక్షలు. మన నల్గొండ టౌను మొత్తం తీస్కపోయి కూసోబెట్టినంత మంది. బ్రెజిల్ మొదలు గోల్ కొట్టింది. ఉరుగ్వేల స్కియఫినో సమం చేసిండు. ఇంక పదకొండు నిమిషాలున్నయనంగ గిగ్గియా కుడి దిక్కు నుంచి ఉరికొచ్చిండు. మొదటి గోల్ అప్పుడు గూడ ఆయన అట్లనే వచ్చి మధ్యలకు పాస్ ఇచ్చిండు. గోల్‌కీపర్ బార్బోసా ఈసారి గూడ పాసే ఇస్తడని ఒక్క అడుగు ముందలికేసిండు. గిగ్గియా పాస్ ఇయ్యలే. బార్బోసాకు, గోల్ కర్రకు నడుమ ఉన్న సందులకెల్లి కొట్టిండు. 2-1. స్టేడియం మొత్తం సప్పుడు లేదు.

నేనైనా ఆ అడుగు అట్లనే ఏస్త. ఏ గోల్‌కీపరైనా ఏస్తడు. కాని బార్బోసాను ఆ దేశం సచ్చేదాక ఇడ్వలే. చివరి రోజుల్ల ఆయన అన్న మాట ఉన్నది: బ్రెజిల్‌ల ఎంత పెద్ద నేరానికైనా ముప్పై ఏండ్లే శిక్ష, నేను యాభై ఏండ్ల సంది అనుభవిస్తున్న అని. 2000ల పోయిండు.

ఇంకోటి. గిగ్గియా సచ్చిపోయింది 2015 జులై 16న. సరిగ్గ అదే రోజు, అరవై ఐదేండ్లకు.

జడ్చర్ల_జంక్షన్

ఆ తారీకు చదివి ఒళ్లు జలదరిచ్చిందన్నా.

మిర్యాలగూడ_బియ్యం

జరంత బార్బోసా తప్పు గూడ ఉన్నది. దగ్గరి కర్ర కాడ సందు ఇడ్వొద్దని మాకు మొదటి రోజే చెప్పిండ్రు.

నల్గొండ_గోలీ

చెప్పుడు అల్కనే. రెండు లక్షల మంది నడుమ, అర సెకండుల, అప్పటికే ఒకసారి పాస్ చూసిన కన్ను. గ్రౌండ్ల నిలబడి చూడన్నా. మిగిలిన పదిమంది యాడున్నరు అప్పుడు? ఎడమ దిక్కు కాపలా ఎవరిది? ఎవ్వడు అడగడు. గోల్ కాడ ఉన్నోడు ఒక్కడు కనపడ్తడు గనక వాని పేరే మిగులుతది.

మిర్యాలగూడ_బియ్యం

సరేనన్నా, నువ్వు నిలబడ్డోనివి. ఆ మాట వాపస్ తీసుకుంటున్న.

గద్వాల_అంచు

ఈ కథకు తోక ఉన్నది, నేను చెప్త. ఎందుకంటే ఇది బట్ట ముచ్చట, నాది మగ్గం ఇల్లు.

ఆ రోజు బ్రెజిలోళ్లు ఏసుకున్నది తెల్ల అంగీలు. ఓడిపోయినంక తెల్లరంగు అచ్చిరాలేదని, అండ్ల దేశం కనపడ్తలేదని తీసేసిండ్రు. 1953ల ఒక పేపరోళ్లు పోటీ పెట్టిండ్రు: జెండాల ఉన్న నాలుగు రంగులు, పచ్చ, పసుపు, నీలం, తెలుపు అన్నీ రావాలె, కొత్త డ్రెస్ గీసి పంపుండ్రి అని. నాలుగు రంగులు ఒకదాని పక్కన ఒకటి పెట్టి కంటికి కొట్టకుండ చేసుడు ఎంత కష్టమో చీర నేసేటోళ్లకు తెలుస్తది. ఒక పద్దెనిమిది పందొమ్మిదేండ్ల పిలగాడు గెలిచిండు. అల్దిర్ షెలీ. పసుపు అంగీ, మెడకు చేతులకు పచ్చ అంచు, నీలం లాగు, తెల్ల సాక్సులు. ఇయ్యాల లోకమంతా గుర్తుపట్టే బ్రెజిల్ డ్రెస్ అదే. పచ్చను ఒంటికి పెట్టకుండ అంచుకు పెట్టిండు చూడు, అదీ కన్ను అంటే.

ఆ పిలగానిది ఉరుగ్వే సరిహద్దు మీది ఊరు. నది దాటితే ఉరుగ్వే. ఆయన అభిమానించేది బ్రెజిల్‌ను కాదు, ఉరుగ్వేను!

నకిరేకల్_స్టేజీ

అక్కా, ఇది నిజమేనా?? గెలిచిన ఊరోళ్ల అభిమాని వచ్చి ఓడినోళ్లకు బట్టలు గీసిండా?

గద్వాల_అంచు

నిజమే. మాకేం వింత కాదు. కృష్ణ దాటితే రాయచూరు, తుంగభద్ర దాటితే కర్నూలు. పిల్లనిచ్చేది అటు, తెచ్చుకునేది ఇటు. సరిహద్దు మీద ఉన్నోళ్లకు మనసు రెండు దిక్కులా ఉంటది.

1958 వరల్డ్ కప్‌ది గూడ చెప్త. స్వీడన్‌తోని ఫైనల్. స్వీడన్‌ది గూడ పసుపే. బ్రెజిల్ ఇంకో రంగు ఏసుకోవాలె, వాళ్ల తాన లేదు. స్టాక్‌హోం బజార్ల నీలం అంగీలు కొనుక్కొచ్చి, పసుపు అంగీల మీది బ్యాడ్జీలు ఇప్పి నీలం వాటికి కుట్టిండ్రు. ఆటగాళ్లు భయపడకుండ వాళ్ల పెద్దమనిషి "నీలం మరియమ్మ తల్లి చీర రంగు, మనకు మంచిదే" అన్నడు. 5-2తోని గెలిచిండ్రు. ఆ బ్యాడ్జీలు కుట్టిన చేతులు ఎవరియో తెలుసుకోవాలని నాకు ఎప్పటి సంది ఆశ.

కల్వకుర్తి_కూత

పాలమూరు, నల్గొండ అంటే కబడ్డీ. మీరేమో ఉరుగ్వే, బ్రెజిల్ అంటున్నరు. కబడ్డీకి గూడ ఒకరు చర్చ మొదలు పెట్టుండ్రి.

జడ్చర్ల_జంక్షన్

నువ్వే పెట్టన్నా, అందరం వస్తం. కాని ముందల ఒక ఫుట్‌బాల్ ముచ్చట చెప్పి పో.

కల్వకుర్తి_కూత

చెప్త. నేను కబడ్డీ అంపైరింగు చేస్త. రూల్ తప్పు రాస్తే ఆట ఎట్ల తలకిందులైతదో దీంట్ల ఉన్నది.

1994 జనవరి. కరీబియన్ కప్ క్వాలిఫయింగ్. బార్బడోస్-గ్రెనడా, రెండూ చిన్న దీవి దేశాలు. బార్బడోస్ ముందుకు పోవాల్నంటే రెండు గోల్స్ తేడాతోని గెలవాలె. ఒక్క గోల్ తేడా ఐతే గ్రెనడా పోతది. ఆ టోర్నమెంట్ల ఒక వింత రూల్ పెట్టిండ్రు: మ్యాచ్ సమానమైతే అదనపు టైం ఆడాలె, అండ్ల ఎవరు గోల్ కొడితే వాళ్లు గెలిచినట్టు, ఆ గోల్‌ను రెండు కింద లెక్కేస్తరు.

బార్బడోస్ 2-0 మీద ఉన్నది. 83వ నిమిషంల గ్రెనడా ఒకటి కొట్టింది. 2-1. ఇట్లనే అయిపోతే బార్బడోస్ గెలిచినా ఇంటికే. టైం లేదు. అప్పుడు వాళ్లకు లెక్క తట్టింది. 87వ నిమిషంల బార్బడోస్ డిఫెండరు, గోల్‌కీపరు బంతి అటిటు ఇచ్చుకొని సొంత గోల్‌లకే కొట్టుకున్నరు! 2-2. ఇగ అదనపు టైం వస్తే, అండ్ల ఒక్కటి కొడితే రెండు తేడా.

గ్రెనడా వాళ్లకు గూడ అర్థమైంది. వాళ్లు ఏ దిక్కు గోల్ కొట్టినా వాళ్లకు లాభమే. బార్బడోస్ గోల్‌ల కొడితే గెలుస్తరు. సొంత గోల్‌ల కొట్టుకుంటే ఒక్క తేడాతోని ఓడతరు, అయినా ముందుకు పోతరు. చివరి మూడు నిమిషాలు బార్బడోసోళ్లు రెండు దిక్కులా నిలబడి రెండు గోల్స్ కాపాడిండ్రు. ఎదుటోని గోల్‌ను గూడ కాపాడిండ్రు. అదనపు టైంల బార్బడోసే కొట్టింది, 4-2 అని రాసిండ్రు, పోయిండ్రు.

మిర్యాలగూడ_బియ్యం

రెండుసార్లు చదివితే గాని ఎక్కలే. పెన్ను తీసి గీసుకున్న.

వనపర్తి_వకీలు

ఇది మోసమని అననా వద్దా అని ఆలోచిస్తున్న. ఒక్క రూల్ గూడ ఉల్లంఘించలే.

కల్వకుర్తి_కూత

మోసం కాదు వకీలు సాబ్. తప్పు రూల్ రాసినోళ్లది. ఆడేటోడు గెలుపు దిక్కే పోతడు. నాకు పాపమనిపించేది గ్రెనడా.

నకిరేకల్_స్టేజీ

మోసమంటే 1982 స్పెయిన్ వరల్డ్ కప్‌ల జరిగింది. అల్జీరియా మొదటి మ్యాచ్‌లనే పశ్చిమ జర్మనీని 2-1తోని కొట్టింది. చివరికి జర్మనీ-ఆస్ట్రియా మ్యాచ్ మిగిలింది. జర్మనీ ఒకటో రెండో తేడాతోని గెలిస్తే ఇద్దరూ పోతరు, అల్జీరియా ఇంటికి. పదో నిమిషంల జర్మనీ ఒకటి కొట్టింది. ఇగ మిగతా ఎనభై నిమిషాలు ఇద్దరూ బంతి అటిటు దొబ్బుకుంట టైం నూకిండ్రు. చూసేటోళ్లు నోట్లు చూపెట్టి కేకలేసిండ్రు. అల్జీరియా ఆట అంతకు ముందు రోజే అయిపోయింది, చేసేదేం లేదు. తర్వాతి వరల్డ్ కప్ సంది గ్రూపుల ఆఖరి రెండు మ్యాచ్‌లు ఒకే టైంకు పెడుతున్నది అందుకే.

మిర్యాలగూడ_బియ్యం

టాస్ మీద పోయిన సెమీఫైనల్ గూడ ఉన్నది. 1968 యూరో కప్, నేపుల్స్. ఇటలీ-సోవియట్ 0-0. అదనపు టైంల గూడ గోల్ లేదు. పెనాల్టీ షూటౌట్ అప్పటికి రాలే. రెఫరీ ఇద్దరు కెప్టెన్లను లోపటికి తీస్కపోయి నాణెం ఎగరేసిండు. ఇటలీ కెప్టెన్ ఫచెట్టి చెప్పింది పడ్డది. తర్వాత ఫైనల్ గూడ మొదలు డ్రా అయితే రెండు రోజులకు మల్ల ఆడి కప్పు కొట్టిండ్రు. 1954 వరల్డ్ కప్‌కైతే స్పెయిన్, టర్కీ తేలకపోతే రోంల ఒక చిన్న పిలగానికి కండ్లకు గుడ్డ కట్టి చీటీ తీయించిండ్రు. టర్కీ పేరొచ్చింది. స్పెయిన్ ఇంటికే.

సాగర్_ఎడమకాల్వ

కప్పు ముచ్చట ఎవరూ చెప్పలేదేంది! పాపకు ఇది నచ్చుతది, ఇండ్ల కుక్క ఉన్నది.

పాత వరల్డ్ కప్పు పేరు జూల్స్ రిమే కప్పు. రెండో ప్రపంచ యుద్ధం అప్పుడు ఇటలీల ఉండె. ఫుట్‌బాల్ అధికారి బరాస్సి అనేటాయన దాన్ని చెప్పుల డబ్బాల పెట్టి మంచం కింద దాచిండు. యుద్ధం మొత్తం గడిచింది, ఎవ్వనికి దొరకలే. 1966ల ఇంగ్లండ్ ప్రదర్శనకు పెట్టింది. మార్చి 20న పట్టపగలే దొంగలు ఎత్తుకపోయిండ్రు. దేశం పరువు పోయింది, పోలీసులు మొత్తం దేవులాడుతున్నరు. వారం రోజులకు దక్షిణ లండన్‌ల ఒకాయన కుక్కను తిప్పనీకె బయటికొస్తే, ఆ కుక్క పొద కింద ఏదో పేపర్ల చుట్టి ఉన్నది చూసి వాసన పట్టింది. అదే కప్పు. కుక్క పేరు పికిల్స్. పికిల్స్ అంటే తొక్కు! నల్ల తెల్ల కుక్క, దేశమంతా దానికి దండం పెట్టింది. ఆ ఏడాదే ఇంగ్లండ్ కప్పు గెలిచింది.

బ్రెజిల్ మూడోసారి గెలిచినంక, 1970ల, కప్పు వాళ్లకే ఇచ్చేసిండ్రు. 1983 డిసెంబర్‌ల రియోల మల్ల దొంగలు పడ్డరు. ముందలేమో తూటా దూరని అద్దం పెట్టిండ్రు, వెనుకనేమో చెక్క. దొంగలు చెక్క పీకిండ్రు. ఇప్పటిదాక దొరకలే.

పానగల్లు_పిలగాడు

పాప "తొక్కు, తొక్కు" అని గంట సంది నవ్వుతున్నది. మా వాకిట్ల కుక్కకు ఆ పేరే పెడ్తదట. బువ్వ తినుడు ఇగ గుర్తు చెయ్యాల్సిన పని లేదు.

నకిరేకల్_స్టేజీ

నేను బస్సు డ్రైవర్‌ను, గందుకే ఇది నా ముచ్చట. పసుపు కార్డు, ఎర్ర కార్డు ఎట్లొచ్చినయో తెలుసా? ఇంగ్లండ్ రెఫరీ కెన్ ఆస్టన్. 1966ల ఇంగ్లండ్-అర్జెంటీనా మ్యాచ్ పెద్ద లొల్లి అయింది. ఆ మ్యాచ్ రెఫరీ ఎవరిని హెచ్చరించిండో ఆడినోళ్లకే తెల్వలే, భాష తెల్వక. ఆస్టన్ కార్ల ఇంటికి పోతుంటే లండన్‌ల సిగ్నల్ కాడ ఆగిండు. పసుపు అంటే జర ఆగు, ఎరుపు అంటే ఆగిపో. ఏ భాషోనికైనా ఇది తెలుస్తది గద అని అక్కడ్నే తట్టింది. 1970 వరల్డ్ కప్ సంది కార్డులొచ్చినయి. సిగ్నల్ కాడ మనం ఆరన్ కొట్టుకుంట తిట్టుకుంటం, ఆయనకు అక్కడ బుద్ధి పుట్టింది.

వనపర్తి_వకీలు

1950ల ఇంకో సంగతి మర్చిపోయినం. అమెరికా ఇంగ్లండ్‌ను 1-0తోని ఓడగొట్టింది. గోల్ కొట్టింది జో గేట్‌జెన్స్, హైతీ మనిషి. న్యూయార్క్‌ల చదువుకుంట హోటల్ల గిన్నెలు కడిగిండు. 1964ల హైతీల నియంత దువాలియే మనుషులు ఆయన్ను పట్టుకపోయిండ్రు. మల్ల ఎవ్వరికి కనపడలే. గెలిచిన రోజు భుజాల మీద ఎత్తుకున్న ఫోటో ఉంటది, చూస్తే మనసు కలుక్కుమంటది.

జడ్చర్ల_జంక్షన్

ఆ స్కోరు చూసి ఇంగ్లండ్ పేపరోళ్లు అచ్చు తప్పనుకొని 10-1 అని వేసుకున్నరట గద?

దేవరకొండ_పీఈటీ

అట్ల అచ్చయిన పేపర్ ఒక్కటి గూడ బయటికి రాలే జడ్చర్ల తమ్మీ. అది గూడ మన బూట్ల కథ లాంటిదే. చెప్పనీకె బాగుంటది గనక నిలబడ్డది.

జడ్చర్ల_జంక్షన్

ఒప్పుకున్న సారు. బూట్లది గూడ ఒప్పుకున్న.

దోహా_పాలమూరోడు

రాత్రి డ్యూటీ అయినంక మొత్తం చదివిన. మాది కోయిలకొండ దిక్కు, ఆరేండ్ల సంది ఖతార్‌ల బస్సుల కాడ పని. 2022 నవంబర్ 22న లూసేల్ స్టేడియం బయట డ్యూటీల ఉన్న. వరల్డ్ కప్‌ల అర్జెంటీనా-సౌదీ మ్యాచ్. అర్జెంటీనా అంతకు ముందు 36 మ్యాచ్‌లు ఓడలే. మెస్సీ పెనాల్టీ కొట్టిండు. సగం టైం దాక మేమందరం అయిపోయిందనుకున్నం. మా తాన టీవీ లేదు, లోపలి సప్పుడుతోనే అర్థం చేసుకోవాలె. రెండో సగంల ఐదు నిమిషాలల్ల రెండుసార్లు ఒక సప్పుడు వచ్చింది, బస్సు అద్దాలు అదిరినయి. సౌదీ 2-1. బయటికొచ్చిన సౌదీ పిలగాండ్లు మమ్మల్ని, నేపాలోళ్లను, బంగ్లాదేశోళ్లను అందర్నీ పట్టుకొని ఎగిరిండ్రు. మర్నాడు వాళ్ల దేశంల సెలవిచ్చిండ్రు. నెల తిరగకముందే అదే అర్జెంటీనా అదే లూసేల్‌ల కప్పు ఎత్తింది. ఇంటికి ఫోన్ చేసి నాయినకు చెప్తే "నువ్వు లోపటికి పోయి చూసినవా బిడ్డా" అని అడిగిండు. బయట్నుంచే విన్న నాయినా అన్న.

నల్గొండ_గోలీ

తమ్మీ, నువ్వు విన్నది మేము టీవీల చూసినదానికంటె ఎక్కువ.

మిర్యాలగూడ_బియ్యం

దండం పెడ్తున్న తమ్మీ. పైలం.

దేవరకొండ_పీఈటీ

అందరి ముచ్చట్లు అయినయి, మన ఇంటిది మిగిలింది. హైదరాబాద్ రాష్ట్రం అంటే అప్పుడు మన నల్గొండ, పాలమూరు గూడ అండ్లనే. అక్కడి సయ్యద్ అబ్దుల్ రహీం, రహీం సాబ్, బడి పంతులు. కాచిగూడ, చాదర్‌ఘాట్ బడులల్ల చెప్పిండు. తర్వాత హైదరాబాద్ సిటీ పోలీస్ టీంను తయారు చేసిండు. 1950 నుంచి 54 దాక వరుసగ ఐదేండ్లు రోవర్స్ కప్, అదే బొంబాయిల జరిగే పెద్ద టోర్నమెంట్, వాళ్లదే. అదే మనిషి దేశం జట్టుకు కోచ్ అయిండు. 1951 ఏషియన్ గేమ్స్ బంగారం. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌ల నాలుగో స్థానం, ఆస్ట్రేలియా మీద మన నెవిల్ డిసౌజా హ్యాట్రిక్, అంటే ఒక్కడే మూడు గోల్స్. ఆ జట్ల హైదరాబాదీలే ఎక్కువ కనపడ్తరు: బలరాం, నూర్ మహమ్మద్, అజీజ్, జుల్ఫికరుద్దీన్.

1962 జకర్తా ఏషియన్ గేమ్స్. రహీం సాబ్‌కు ఊపిరితిత్తుల క్యాన్సర్. మొదటి మ్యాచ్‌లనే దక్షిణ కొరియా చేతుల 2-0తోని ఓడినం. జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డయి. డిఫెన్స్‌ల ఆడే మనిషిని రహీం సాబ్ ముందలికి తెచ్చి ఫార్వర్డ్‌గ ఆడించిండు. సెమీఫైనల్ల గోల్ కొట్టిండు. ఫైనల్ మల్ల అదే కొరియాతోని. మన దేశపు అధికారి ఒకాయన అన్న మాటకు అక్కడి జనం మన మీద మండిపడుతున్నరు, స్టేడియం మొత్తం మనకు ఎదురు. గోల్ కాడ తంగరాజ్, ఆయన పుట్టింది గూడ హైదరాబాద్ రాజ్యంలనే. పీకే బెనర్జీ ఒకటి, తలకు కట్టుతోని జర్నైల్ ఒకటి. 2-1. బంగారం. తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న, రహీం సాబ్ పోయిండు. అటెన్క ఆ బంగారం మల్ల మనకు రాలే.

నేను తండా పిల్లలకు ఆట నేర్పిస్త. సగం మందికి బూట్లుండయి. గులకరాళ్ల మీద ఉత్తకాళ్లతోని ఉరికే పిల్లల్ని చూస్తే 1948 వాళ్లు కండ్ల ముందల కనపడ్తరు. అందుకే ఆ క్విజ్ జవాబు నాకు అంత గుచ్చుకున్నది.

నల్గొండ_గోలీ

రహీం సాబ్ ట్రైనింగు గురించి గూడ చెప్పు సారూ. ఎడమ కాలు ముచ్చట.

దేవరకొండ_పీఈటీ

అవును, అది పాపకు చెప్పాలె. ఆయన హైదరాబాద్‌ల వింత టోర్నమెంట్లు పెట్టేటోడు. ఒకదాంట్ల డ్రిబ్లింగ్, అంటే బంతిని కాలు కాడనే పెట్టుకొని ఉరుకుడు, చెయ్యొద్దు, బంతి వస్తే పాస్ ఇయ్యాల్సిందే. ఇంకోదాంట్ల బలం లేని కాలుతోనే కొట్టాలె. ఎవనికి ఏ కాలు బాగుంటే ఆ కాలు పనికి రాదు. మా కాడ నెలకొక ఆదివారం అట్లనే ఆడిస్త. ఈ ఆదివారం ఉన్నది, దగ్గరున్నోళ్లు రాండ్రి.

నల్గొండ_గోలీ

నేనొస్త. గోల్ కాడ నేనుంట.

కల్వకుర్తి_కూత

అంపైరింగుకు నేను. రూల్స్ ముందలనే రాసి పెట్టుండ్రి.

గద్వాల_అంచు

రెండు టీములకు రెండు రంగుల గుడ్డ పట్టీలు పంపిస్త. పసుపు ఒకటి, నీలం ఒకటి. చేతికి కట్టుకోండ్రి.

పానగల్లు_పిలగాడు

ఇయ్యాల ప్రింటు తీసుకొని బడికి పోయిన. క్విజ్ పెట్టిన సారు నిలబడే మొత్తం చదివిండు. మడిచి జేబుల పెట్టుకున్నడు. మార్కు సంగతి ఏం చెప్పలే. "రేపు క్లాసుల పాపతోనే చెప్పిస్త" అన్నడు. పాప ఇప్పుడు అద్దం ముందల నిలబడి పీఈటీ సారు రాసింది చదువుకుంటున్నది.

ఆదివారం మేమిద్దరం దేవరకొండ వస్తున్నం. పాప ఒకటి అడగమన్నది సారూ. ఆమెకు బలం ఎడమ కాలే. మరి ఏ కాలుతోని ఆడాలె?

దేవరకొండ_పీఈటీ

కుడి కాలుతోని. ఇయ్యాల్టి సంది గోడకు కొట్టి ప్రాక్టీసు చెయ్యమను.